వంశవృక్షంలో ఒక పేరు పక్కన "బ్రహ్మచారి" అని రాసి వదిలేశారు. వందేళ్ల కింద పెళ్లి కాని మగవాణ్ని ఎలా చూసేవారు?

పాతట్రంకుపెట్టె
మా నాన్న వైపు వంశవృక్షం కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. ముత్తాతకి ముగ్గురు కొడుకులు. పెద్దాయన కింద తొమ్మిది పేర్లు, రెండో ఆయన అంటే మా తాత కింద ఆరు. మూడో ఆయన పేరు పక్కన "బ్రహ్మచారి" అని ఒక్క మాట రాసుంది, కింద గీత కూడా లేదు. పుట్టింది 1891 ప్రాంతంలో, పోయింది 1934లో. ఇంట్లో ఎవర్ని అడిగినా "ఆయన అలా ఉండిపోయాడ్రా" అంటారు తప్ప ఇంకో ముక్క రాదు. ఫొటో కూడా లేదు.

మొన్న అటక మీద మా తాత పద్దు పుస్తకాలు రెండు దొరికాయి. సంక్రాంతి బట్టల పద్దు ప్రతి ఏడూ రాశాడు. ముందు పెద్దవాళ్లు, తర్వాత కోడళ్లు, పిల్లలు, చివర్లో చాకలి, మంగలి, పాలేర్లు. పిల్లలకి కింద, చాకలికి పైన "చి. తమ్ముడికి ధోవతుల చాపు 1" అని ఉంటుంది. ఏటేటా అదే చోటు. సొంత తమ్ముడే, పైగా ఆస్తిలో మూడో వంతు వాటాదారు. ఆ వరస చూశాక అదోలా అయింది నాకు.

మన వైపు, అంటే పాత మద్రాసు రాజధాని తెలుగు జిల్లాల్లో, 1900 నుంచి 1930ల దాకా పెళ్లి కాని మగవాడంటే జనం ఏమనుకునేవారు? గౌరవమా, జాలా, వెక్కిరింతా? మీ ఇళ్లలో ఇలాంటివాళ్లు ఉంటే చెప్పండి.

మూడోబెంచి
సామెత ఉంది కదా సార్. బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరాదు. ఇంకేం కావాలి, థ్రెడ్ క్లోజ్ 😄

చింతచిగురు
@మూడోబెంచి ఆ సామెత ఊరికే పుట్టలేదు. ముదరకముందే కోసేయాలి అనే భయం అందులో ఉంది. అప్పట్లో మగపిల్లాడికి కూడా పదహారు పద్దెనిమిదికే చేసేసేవారు. దేశం మొత్తం మీద మగవాళ్ల సగటు పెళ్లి వయసు ఇరవైకి అటూ ఇటూగా ఉండేది. ఇక పాతికేళ్లు దాటి ఖాళీగా ఉన్నాడంటే ఊళ్లో మొదటి ప్రశ్న "ఏం లోపం?" అనే. ఒంట్లోనో, ఇంట్లోనో, బుర్రలోనో.

గోదారిగట్టు
మా ఇంట్లో ఉండేవాడు ఒకాయన. మా అమ్మమ్మకి బాబాయి వరస. ఆయన్ని పీటల మీద ఎప్పుడూ కూర్చోబెట్టలేదట. సత్యనారాయణ వ్రతం అయినా, అన్న కూతురి పెళ్లిలో కన్యాదానం అయినా దంపతులు కావాలి కదా. ఆయన పని ఏంటంటే పందిరి వేయించడం, వంటవాళ్లని పిలుచుకు రావడం, విస్తళ్ల లెక్క చూడటం. ఇరవై పెళ్లిళ్లు దగ్గరుండి చేయించాడు, ఒక్కదాంట్లోనూ అక్షింతలు వేసేటప్పుడు పందిట్లో లేడు అనేది అమ్మమ్మ. ఎక్కడున్నాడే అంటే "గాడిపొయ్యి దగ్గర" అనేది, అంటే పెళ్లి వంటలకి నేలలో తవ్విన పొడుగాటి పొయ్యి.

పాతట్రంకుపెట్టె
@గోదారిగట్టు గాడిపొయ్యి దగ్గర... అదే. సరిగ్గా అదే నాకు అనిపించింది.

నల్లరేగడి
అందరూ మరీ ఏడుపు మొహం పెట్టకండి. ఆ రోజుల్లో బ్రహ్మచర్యానికి ఉన్న గౌరవం దేనికీ లేదు. వివేకానందుడు, రమణ మహర్షి. మన దగ్గరే చూడండి, అల్లూరి సీతారామరాజు పెళ్లి చేసుకోలేదు, 1922 నుంచి 24 దాకా మన్యంలో ఆయన మాట వేదం. ఆంధ్రా యూనివర్సిటీ పెట్టినప్పుడు 1926లో మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆజన్మ బ్రహ్మచారి. బెంగాల్లో రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రే కూడా అంతే. వీళ్లని ఎవరైనా "ఏం లోపం" అని అడిగారా?

సివిలుదావా
@నల్లరేగడి మీరు చెప్పినవాళ్లంతా కొండ మీద దీపాలు. పాతట్రంకుపెట్టె గారు అడుగుతున్నది వీధి చివరి ఇంట్లో మనిషి గురించి. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కాదు. పెళ్లి వద్దన్నవాడు వేరు, పెళ్లి కానివాడు వేరు. తెలుగులో ఆ రెండోవాడికి ప్రత్యేకంగా పేరు కూడా పెట్టారు, ఘోటక బ్రహ్మచారి అని. గుర్రం ఆడగుర్రం దొరక్క బ్రహ్మచర్యం పాటించినట్టు అని అర్థం. ఎంత కసిగా పెట్టారో చూడండి.

మూడోబెంచి
ఘోటక బ్రహ్మచారి!! నా వాట్సాప్ స్టేటస్ దొరికింది. థ్యాంక్యూ లాయర్ గారూ.

శాంతాబాయి
నాకు ఒక సందేహం. దొరక్కపోవడం ఏంటి అసలు? మద్రాసు రాజధానిలో 1921 జనాభా లెక్కల్లో మగవాళ్లకంటే ఆడవాళ్లే కాస్త ఎక్కువ. వెయ్యిమంది మగవాళ్లకి 1028 మంది. ఉత్తరాదిలా ఆడపిల్లల కొరత కాదు మనది. మరి వీళ్లకి పిల్ల ఎందుకు దొరకలేదు?

సివిలుదావా
@శాంతాబాయి కొరత పుట్టుకలో లేదు, రూల్స్‌లో ఉంది. లెక్క వేద్దాం. బ్రాహ్మణ, వైశ్య కులాల్లో భార్య పోయిన మగవాడు నెల తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, భర్త పోయిన ఆడది చేసుకోకూడదు. ఏభై ఏళ్ల ముసలాయన మూడోసారి పీటలెక్కి పదేళ్ల పిల్లని చేసుకుంటాడు, పదేళ్లకి పోతాడు. ఆ పిల్లకి ఇరవయ్యేళ్లకి గుండు. అంటే ఒక్క ముసలాయన ముగ్గురు ఆడపిల్లల్ని పెళ్లి సంత నుంచి తప్పించాడు. వాళ్లకి జోడీ కావాల్సిన కుర్రాళ్లలో ఎవరో ఒకరు మిగిలిపోవాలి కదా. డబ్బు లేనివాడు మిగిలిపోతాడు.

దీని మీద గోత్రం, శాఖ. వైదికి వేరు నియోగి వేరు ద్రావిడ వేరు. ఊళ్లో నలభై గడపలుంటే కలిసేవి నాలుగు.

చింతచిగురు
అన్నిటికంటే ముందు డబ్బు. ఇప్పటివాళ్లకి కట్నం ఒక్కటే తెలుసు. అప్పట్లో మగపిల్లాడివాళ్లే పిల్ల తండ్రికి ఎదురు ఇచ్చుకోవాలి చాలా కుటుంబాల్లో. గురజాడ "కన్యాశుల్కం" 1897లో అచ్చయినప్పుడు రాసిన ముందుమాట ఒకసారి చదవండి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి అంతకు పదేళ్ల ముందు విశాఖ జిల్లాలో మూడేళ్ల బ్రాహ్మణ వివాహాల జాబితా తయారు చేయించాడు, శుల్కం తీసుకున్న పెళ్లిళ్లు 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరిగేవని రాశాడు.

వారాలు చేసుకుని చదువుకున్న కుర్రాడు నాలుగు వందలు ఎక్కడ తెస్తాడు? సోమవారం ఒకరింట్లో అన్నం, మంగళవారం ఇంకొకరింట్లో.

శాంతాబాయి
అయితే ఆ ముగ్గురు పాపల గురించి మాట్లాడుకుందామా, ఘోటకుల గురించా? అడుగుతున్నాను అంతే. ఏడాది పిల్లని నాలుగు వందలకి అమ్మిన కాలంలో మనం జాలి పడుతున్నది కొనలేకపోయినవాడి మీద.

పాతట్రంకుపెట్టె
@శాంతాబాయి మీరన్నది న్యాయమే. మా వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు అసలే లేవు, "పుత్రికలు 3" అని అంకె మాత్రం ఉంది. కానీ రెండూ ఒకే గోతిలోంచి వచ్చినవే కదా.

నల్లరేగడి
కన్యాశుల్కం అన్ని కులాల సంగతి కాదండోయ్. వ్యవసాయ కులాల్లో, చేతిపనుల కులాల్లో ఓలి (పిల్లకి ఇచ్చే సొమ్ము) ఉండేది, కానీ తక్కువ, పైగా మారుమనువు ఉండేది. మొగుడు పోయినదాన్నో, వదిలేసినదాన్నో చీర పెట్టి తెచ్చుకోవచ్చు. అందుకే మా వైపు (అనంతపురం) పాతకాలంలో పెళ్లి కాకుండా ముసలైన మగాడు దాదాపు కనపడడు. కాళ్లు చేతులు సరిగ్గా లేనివాడికి కూడా ఏదో ఒక సంబంధం కుదిర్చేవాళ్లు. మా జేజి ఎప్పుడూ అనే సామెత, ఓలి తక్కువని గుడ్డిదాన్ని పెళ్లాడితే కుండలన్నీ పగలగొట్టిందట.

మూడోబెంచి
కుండలంటే గుర్తొచ్చింది, కుండమార్పిడి పెళ్లిళ్లు ఉండేవి కదా. నీ చెల్లెల్ని నాకివ్వు, నా చెల్లెల్ని నీకిస్తా. చెల్లెలు లేనివాడి గతి ఏంటి?

గోదారిగట్టు
@మూడోబెంచి గాడిపొయ్యి.

మూడోబెంచి
🙏🙏

ఇల్లరికపుటల్లుడు
ఇంకో దారి మర్చిపోయారు. నా హ్యాండిల్ చూడండి 😄 రెడ్లలో, కమ్మవాళ్లలో ఇల్లటం అనే పద్ధతి ఉండేది. మగపిల్లలు లేని ఇంటివాళ్లు ఒక కుర్రాణ్ని తెచ్చుకుని, పొలం పని చేయించుకుని, పిల్లనిచ్చి, ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చేవారు. మద్రాసు హైకోర్టు కూడా ఆ ఆచారాన్ని ఒప్పుకుంది. చేతిలో పైసా లేని కుర్రాడికి అదొక ఉపాయం. కాకపోతే మీసం ఇంటి బయటే వదిలి లోపలికి రావాలి. మా ముత్తాత అలా వచ్చినవాడే, చచ్చేదాకా ఊరంతా "ఫలానావారి అల్లుడు" అన్నారు గానీ పేరు పెట్టి పిలిచినవాడు లేడు.

సివిలుదావా
ఇల్లటం సంగతి బాగా గుర్తు చేశారు. అసలు విషయానికి వస్తాను. పాతట్రంకుపెట్టె గారూ, మీరు "ఆస్తిలో మూడో వంతు వాటాదారు" అన్నారు. కీలకం అక్కడే ఉండొచ్చు. చేదుగా ఉంటుంది, ఏమనుకోకండి.

మితాక్షర పద్ధతిలో, అంటే అప్పటి హిందూ ఆస్తి చట్టంలో, ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ముడు విడిపోకుండా, కొడుకులు లేకుండా పోతే అతని వాటా మిగతా అన్నదమ్ములకి కలిసిపోతుంది. రాతకోతలు అక్కర్లేదు. పెళ్లి చేస్తే? కొడుకు పుడతాడు, మూడో వాటా శాశ్వతంగా బయటికి పోతుంది. కొడుకు పుట్టకపోయినా భార్య మిగిలితే ఆవిడకి మనోవర్తి ఇవ్వాలి. 1937 చట్టం వచ్చాక అయితే భర్త వాటా మీద ఆమెకి బతికున్నంతకాలం హక్కు కూడా వచ్చింది. మరి చిన్న తమ్ముడి పెళ్లికి అన్నలు తొందరపడటానికి కారణం ఏముంది? "మంచి సంబంధం రావాలి కదా", "ఈ ఏడు పంట బాలేదు", "మూఢాలు వచ్చాయి". ఇలా పదేళ్లు గడిస్తే బెండకాయ దానంతటదే ముదురుతుంది. నేను చూసిన పాత పార్టిషన్ దావా కాగితాల్లో ఈ వాసన చాలాసార్లు తగిలింది.

ఇంకో తమాషా. పెళ్లి ఖర్చు కోసం అప్పు చేస్తే అది ఉమ్మడి ఆస్తి మీద పడుతుందా పడదా అని మద్రాసు హైకోర్టులో పెద్ద గొడవ నడిచింది. 1904 ప్రాంతపు తీర్పులో, బ్రాహ్మణ పురుషుడికి పెళ్లి తప్పనిసరి కాదు, జీవితాంతం నైష్ఠిక బ్రహ్మచారిగా ఉండే అవకాశం శాస్త్రంలోనే ఉంది, కాబట్టి అప్పు కుటుంబం మీద పడదు అన్నారు. ఓ పదేళ్లకల్లా ఫుల్ బెంచి దాన్ని తిరగేసింది, పెళ్లి కూడా సంస్కారమే, ఉమ్మడి ఆస్తి భరించాలి అంది. అంటే మీ చిన్నతాత పెళ్లీడుకి వస్తున్నప్పుడు, ఆయనకి పెళ్లి "అవసరమా కాదా" అన్నది కోర్టులో అక్షరాలా తేలుతున్న ప్రశ్న.

చింతచిగురు
అబ్బ. ఈ పోస్టుకి దండం.

నల్లరేగడి
@సివిలుదావా అన్నలందర్నీ విలన్లు చేసేస్తున్నారు మీరు. మా ఇంట్లో పెళ్లి కాని పెదనాన్నే (మా నాన్నకి పెదనాన్న) పెత్తనం అంతా. భూమి, కోర్టు, పంచాయితీ అన్నీ ఆయన చేతిలోనే. ఆయన ఉన్నంతకాలం తమ్ముళ్లు ఎదురుగా కూర్చోలేదు. అరుగు మీద ఆయన దగ్గితే ఇంట్లో కోడళ్లు నవ్వు ఆపేసేవాళ్లు. పెళ్లి కాకపోవడం వల్ల తక్కువైంది ఏమీ లేదు.

సివిలుదావా
@నల్లరేగడి ఆయన పెద్దవాడు. ఇక్కడ చిన్నవాడు. పెద్ద కొడుకు పెళ్లి చేసుకోకపోతే త్యాగం, చిన్న కొడుకు చేసుకోకపోతే చేతకానితనం. ఇంతే తేడా.

నల్లరేగడి
సరే, ఆ పాయింటు ఒప్పుకుంటా. త్యాగం అనే అనేవాళ్లు. తమ్ముళ్ల కోసం ఉండిపోయాడని. నిజం ఏంటో ఆ దగ్గుకే తెలియాలి.

రంగంమనవడు
శ్రీకాకుళం వైపు నుంచి ఒక మాట. మా దగ్గర పెళ్లికి డబ్బు లేని కుర్రాడు చేసే పని ఒక్కటే, రంగం వెళ్లడం. రంగం అంటే రంగూన్. ఓడెక్కితే బియ్యం మిల్లుల్లోనో రేవులోనో పని. రెండు మూడేళ్లు చేసి డబ్బు వెనకేసుకుని వచ్చి పెళ్లి చేసుకుని మళ్లీ పోయేవారు. కొందరు తిరిగి రాలేదు. అక్కడే బర్మా ఆవిడతో ఉండిపోయినవాళ్లు ఉన్నారు, 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద అల్లర్లు జరిగినప్పుడు పోయినవాళ్లు ఉన్నారు. ఊళ్లో లెక్కలో మాత్రం వాళ్లంతా "పెళ్లి కానివాళ్లు". మా ముత్తాత తమ్ముడి కోసం వాళ్లమ్మ ఒక మేనకోడల్ని ఏళ్ల తరబడి అట్టే పెట్టిందట. చివరికి ఆ పిల్లని మా ముత్తాతకే రెండో భార్యగా చేసేశారు. ఆవిడే మా నాన్నమ్మ తల్లి.

శాంతాబాయి
@రంగంమనవడు "అట్టే పెట్టిందట". ఊరగాయ జాడీలా. (మిమ్మల్ని అనట్లేదు, కాలాన్ని అంటున్నా.)

రంగంమనవడు
అనండి, పర్లేదు. ఆవిడ కూడా అదే అనేదట.

గోదారిగట్టు
1918 విషజ్వరం కూడా కలపండి. ఆ ఇన్‌ఫ్లుయెంజాలో మన దేశంలో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ పోయారు. ఆ రెండేళ్లూ మా వైపు ప్రతి వీధిలో భార్య పోయినవాళ్లు ఉన్నారని పెద్దవాళ్లు చెప్పేవారు. వాళ్లకి పొలం, ఇల్లు, చంటిపిల్లలు ఉంటారు, అర్జెంటుగా మనిషి కావాలి. పెళ్లికూతురి తండ్రి ఎవరికిస్తాడు, పదెకరాల రెండో సంబంధానికా, ఏమీ లేని మొదటి సంబంధానికా? పాతట్రంకుపెట్టె గారి చిన్నతాతకి అప్పుడు ఇరవై ఏడు. సరిగ్గా పోటీ ఎక్కువైన టైము.

మూడోబెంచి
అంటే అప్పుడు కూడా ప్యాకేజీ చూసే ఇచ్చేవారు. ఎకరాల ప్యాకేజీ.

చింతచిగురు
అందరికీ తెలిసిన విచిత్రం ఒకటి, కానీ మొత్తం చెప్పరు. మూడో పెళ్లి అచ్చిరాదని ముందు జిల్లేడు చెట్టుకి తాళి కట్టి, దాన్ని మూడో భార్యగా లెక్కేసి, తర్వాత అసలు పెళ్లికూతుర్ని నాలుగోదిగా చేసుకునేవారు. అర్క వివాహం. 1909లో థర్‌స్టన్ అనే ఇంగ్లీషాయన దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు, అందులో ఇవన్నీ ఉన్నాయి. దాంట్లోనే ఇంకోటి ఉంది, దక్షిణాదిలో కొందరిలో పెళ్లి కాని యువకుడు చనిపోతే శవానికి జిల్లేడు మొక్కతో పెళ్లి చేసి, ఆ పూలదండ వేసి అప్పుడు సాగనంపేవారు. బతికున్నప్పుడు ముసలాయనకి దిష్టి తీయడానికి అదే జిల్లేడు, చచ్చాక కుర్రాడికి పెళ్లాం కూడా అదే జిల్లేడు.

పాతట్రంకుపెట్టె
ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

చింతచిగురు
అయ్యో. సారీ.

పాతట్రంకుపెట్టె
లేదు లేదు, రాయండి. తెలియాలనే కదా అడిగింది. ఇంకోటి, ఆయనకి తద్దినం ఎవరు పెట్టేవారో ఇప్పుడు అర్థమైంది. మా తాత పుస్తకంలో 1935 నుంచి ఏడాదికోసారి "పినతండ్రి గారి ఆబ్దికం, పెద్దబ్బాయి చేత" అని ఉంది. అంటే మా పెదనాన్న చేత పెట్టించారు. అపుత్రస్య గతిర్నాస్తి, కొడుకు లేనివాడికి గతి లేదు అంటారు కదా, ఆ భయానికో, వాటా తిన్న మొహమాటానికో.

సివిలుదావా
దత్తత తీసుకోలేదా? పెళ్లి కాని మగవాడు కూడా దత్తత చేసుకోవచ్చని కోర్టులు అప్పటికే ఒప్పుకున్నాయి. అన్నలు ఒప్పుకునేవారా అన్నది వేరే సంగతి.

పాతట్రంకుపెట్టె
లేదు. దత్తత ఏమీ లేదు.

ఉప్పుటేరు
కొత్తగా వచ్చాను, పైవన్నీ చదివాను. ఒకటి ఎవరూ అనలేదు. పెళ్లి కాని మగవాడి మీద ఉన్న అనుమానం. ఇంటికి ఆడదిక్కు లేనివాడు కాబట్టి పక్కింటి ఆడవాళ్లు అటు వైపు గుమ్మంలో నిలబడకూడదు. పూటకూళ్ల ఇంట్లో తింటాడు కాబట్టి పూటకూళ్లమ్మతో ముడి పెట్టేస్తారు. పట్నంలో చదువుకుంటూ గది తీసుకుంటే సానివాడ దారి పట్టాడని పుకారు. చోద్యం ఏంటంటే భోగం మేళం పెట్టించే పెద్దమనుషులంతా పెళ్లయినవాళ్లే. పెళ్లయినవాడు వెళ్తే హోదా, కానివాడు వెళ్తే చెడిపోయాడు. ఇప్పుడు బ్యాచిలర్స్‌కి ఇల్లు అద్దెకివ్వం అని బోర్డు పెట్టేవాళ్లు ఆ తాతల మనవళ్లే.

మూడోబెంచి
@ఉప్పుటేరు చివరి వాక్యానికి వెయ్యి లైకులు. పోయిన నెల నన్ను ఒక ఓనర్ ఆంటీ అడిగిన ప్రశ్న: "బాబూ, పెళ్లెప్పుడు చేసుకుంటావో చెబితే అప్పుడు అడ్వాన్స్ తీసుకుంటా."

ఇల్లరికపుటల్లుడు
😂😂 పెళ్లయితే గానీ ఇల్లు దొరకదు, ఇల్లు దొరికితే గానీ పెళ్లి కాదు.

నల్లరేగడి
ఒక్క మన దగ్గరే అనుకోకండి. ఇటలీలో ముస్సోలినీ 1927 నుంచి 25 - 65 ఏళ్ల మధ్య పెళ్లి కాని మగవాళ్ల మీద ఏకంగా పన్ను వేశాడు. బ్రిటన్లో 1916 జనవరి చట్టంతో యుద్ధానికి బలవంతంగా లాక్కెళ్లింది ముందు పెళ్లి కానివాళ్లనే, పెళ్లయినవాళ్ల వంతు కొన్ని నెలల తర్వాత వచ్చింది. అంతకు పదిపన్నెండేళ్ల ముందు అదే దేశానికి ప్రధానిగా చేసిన బాల్ఫోర్ మాత్రం బ్రహ్మచారి. అక్కడ కూడా లెక్క అదే, కొండ మీద దీపానికి ఒక రూలు, మామూలు మనిషికి ఇంకోటి. లాయరు గారి మాట నాకే అంటుకుంది.

సివిలుదావా
ఫీజు పంపిస్తాను 😄

శాంతాబాయి
శారదా చట్టం సంగతి చెప్పకుండా వెళ్తే నిద్ర పట్టదు నాకు. 1929లో చట్టం, 1930 ఏప్రిల్ ఒకటి నుంచి అమలు. పెళ్లికి ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలి. అమల్లోకి వచ్చేలోపు దేశమంతా హడావుడిగా పెళ్లిళ్లు. పాలబుగ్గల పిల్లాడు కూడా ఒక్క రాత్రిలో గృహస్థు. ఏప్రిల్ దాటాక గోదావరి జిల్లావాళ్లు యానాం పోయేవారు. అది ఫ్రెంచివాళ్లది, మన చట్టం చెల్లదు. ఎన్ని పెళ్లిళ్లు జరిగాయంటే దానికి కళ్యాణపురం అని పేరొచ్చింది. మగపిల్లాడు పెళ్లి కాకుండా నాలుగేళ్లు ఎక్కువ ఉంటాడంటేనే ఊళ్లకి ఊళ్లు పడవలెక్కాయి. నలభై మూడేళ్లు ఉండిపోయినవాణ్ని చూసి ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి.

గోదారిగట్టు
యానాం పెళ్లి మా ఇంట్లో కూడా ఒకటి ఉంది. పెళ్లికొడుకు దారిలో నిద్రపోతే మేనమామ భుజాన వేసుకెళ్లి పీటల మీద కూర్చోబెట్టాడట.

ఉప్పుటేరు
ఒక దారి అయితే తెరిచే ఉంది కదా, ఎందుకు పోలేదు? కందుకూరి 1881 డిసెంబర్లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేశాడు. 1910 నాటికి అది కొత్త సంగతేం కాదు. పిల్ల దొరకని కుర్రాళ్లు, మొగుడు పోయిన ఆడపిల్లలు, ఒకే వీధిలో రెండు అరుగుల మీద కూర్చున్నారు.

చింతచిగురు
@ఉప్పుటేరు వెలి. ఊళ్లో నుయ్యి, నిప్పు, పురోహితుడు, మంగలి అన్నీ బంద్. తాను ఒక్కడైతే భరిస్తాడేమో, అన్న కూతుళ్ల పెళ్లిళ్లు కూడా ఆగిపోతాయి. ఉమ్మడి ఇంట్లో రోజూ ఆ పిల్లల మొహాలు చూస్తూ ఎవడు తెగిస్తాడు? కొందరు తెగించారు, వాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. తెగించనివాళ్ల పేర్లు వంశవృక్షంలో గీత లేకుండా ఉన్నాయి.

గోదారిగట్టు
పెళ్లి తంతులో కాశీయాత్ర ఉంటుంది కదా. గొడుగు, కర్ర, పావుకోళ్లు ఇచ్చి, సన్యాసం పుచ్చుకుంటానని పెళ్లికొడుకు బయల్దేరితే బావమరిది బెల్లం ముక్క ఇచ్చి వెనక్కి పిలుస్తాడు. నవ్వుకుంటాం. మా అమ్మమ్మ బాబాయి 1928లో నిజంగానే కాశీ వెళ్లిపోయాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు. రెండు కార్డులు వచ్చాయట, రెండోదాంట్లో విస్తళ్లు ఇప్పుడు ఎవరు చూస్తున్నారని అడిగాడట.

మూడోబెంచి
జోక్ వేద్దామని వచ్చి ఆగిపోయాను.

పాతట్రంకుపెట్టె
రెండు రోజులు రాలేకపోయాను. లాయరు గారి పోస్టు చదివాక పద్దు పుస్తకం మళ్లీ మొదటి నుంచి, ఒక్కో పేజీ చూశాను. ఒకటి దొరికింది.

సిద్ధార్థి నామ సంవత్సరం మాఘ మాసం, అంటే 1920 మొదట్లో. ఒకే రోజు కింద నాలుగు పద్దులు ఉన్నాయి. "చి. తమ్ముడికి ఉత్తరీయం", తర్వాత "చి. తమ్ముడికి చెప్పుల జత", తర్వాత "పండ్లు, తమలపాకులు", తర్వాత "పిల్లను చూడ్డానికి బండి బాడుగ రానూపోనూ 1-4-0". అంటే రూపాయి నాలుగణాలు. ఆయనకి అప్పుడు 29 ఏళ్లు. చెప్పులు అనే మాట ఆయన పేరు మీద పుస్తకం మొత్తంలో ఆ ఒక్కసారే వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో లేదు. మర్నాడు పద్దు వేరుశనగ విత్తనాలది. ఆ వచ్చే సంక్రాంతికి మళ్లీ మామూలే, పిల్లలకి కింద, చాకలికి పైన, చాపు 1.

సివిలుదావా
అంటే అన్నలు ప్రయత్నమైతే చేశారు. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

శాంతాబాయి
ఒక్కసారి. ఒక్క బండి.

సివిలుదావా
అందుకే "కొంత" అన్నాను.

గోదారిగట్టు
ఏ ఊరు వెళ్లారో రాయలేదా? ఊరు తెలిస్తే కబురు కనుక్కోవచ్చు, మాకు అటు చుట్టాలున్నారు.

పాతట్రంకుపెట్టె
ఊరు లేదు. పిల్ల పేరు లేదు, వాళ్ల ఇంటిపేరు లేదు. బండివాడి పేరు మాత్రం ఉంది, పక్కన "ముట్టినది" అని వేలిముద్ర కూడా.